వీధి లైటు పెట్టె జోలికి వెళ్ళకండి, ఆ మెసేజ్ ఎవరికీ పంపకండి

"వీధి లైటు మీ హక్కు, ఈ నిజాలు ఎవరూ చెప్పరు" అంటూ మొదలయ్యే ఆ మెసేజ్‌ని పర్లాకిమిడి గ్రూపులో చూశాను, గుణుపురం చుట్టాల గ్రూపులో చూశాను, రాయగడ, జయపురం స్నేహితులైతే విడిగా కూడా పంపారు. ఉద్యోగాలు చేసి రిటైరైన పెద్దవాళ్ళు కూడా "చాలా ఉపయోగకరం" అని రాసి మరీ పంపుతున్నారు. పూర్తిగా చదివి పంపుతున్నారా అండీ?

మొదటి ముక్కే చూడండి. లైటు వెలగకపోతే "మీ వార్డు సచివాలయంలో ఫిర్యాదు చేయండి" అట. ఒడిశాలో సచివాలయం ఎక్కడుంది? అది ఆంధ్రాలో 2019లో వచ్చిన ఏర్పాటు. మనకున్నది మున్సిపాలిటీ, చిన్న ఊళ్ళలో ఎన్.ఏ.సి. (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్), బరంపురం వాళ్ళకి కార్పొరేషన్. తెలుగులో ఉంది కదా అని అక్కడి మెసేజ్ ఇక్కడ తిప్పితే ఎవరికి ఉపయోగం?

రెండోది, కౌన్సిల్‌కి కరెంటు ఫ్రీ కాబట్టి పగలు కూడా లైట్లు వదిలేస్తారట. ఫ్రీ కాదు. వీధి దీపాలకి టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది, కౌన్సిల్ బిల్లు కట్టాలి. మన దక్షిణ జిల్లాల్లో 2021 జనవరి 1 నుంచి పంపిణీ టాటా పవర్ వాళ్ళ టీపీఎస్ఓడీఎల్ అనే కంపెనీ చేతిలో ఉంది. పగలు లైట్లు వెలిగితే చాలాసార్లు కారణం వేళకి లైట్లు వేసి ఆర్పే టైమ్ స్విచ్ పాడవడమో, దాని మాట విని కరెంటు కలిపి విడదీసే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ అతుక్కుపోవడమో, లేదా ఫాల్ట్ వెతకడానికి లైన్ ఆన్ చేసి చూడటమో. మొదటి రెండూ రోజుల తరబడి అలాగే ఉంటే అది కౌన్సిల్ తప్పే. ఆ దుబారా చివరికి మన మీదే పడుతుంది.

లైటు వెలగకపోతే "ఎలక్ట్రిసిటీ చట్టం సెక్షన్ 141 ప్రకారం కౌన్సిల్‌కి రోజుకి 2,000 జరిమానా" అన్న మాటకి మాత్రం నిజంగా కోపం వచ్చింది. 2003 నాటి ఆ చట్టంలో సెక్షన్ 141 ఉంది, 2,000 రూపాయల మాటా ఉంది. కానీ ఆ జరిమానా దురుద్దేశంతో వీధి దీపాన్ని ఆర్పినవాడికి! రాసినవాడు సెక్షన్ నంబరు ఎత్తుకొచ్చాడు తప్ప కింద ఏముందో చూడలేదు.

ఎల్‌ఈడీ వెలుగుకి కళ్ళు పోతాయన్నదాని గురించి రాయడానికి కూడా ఓపిక లేదు. ఈ లెక్కన మన ఇళ్ళలో అందరికీ కళ్ళు పోవాలి.

ఇక అసలు ప్రమాదం ఆరో పాయింటులో ఉంది. "వీధి మొత్తం చీకటైతే పగటిపూట స్తంభం మీద పెట్టె తెరిచి మీరే ఫ్యూజు వేసుకోండి, పగలు ఆ వైరులో కరెంటు ఉండదు." ఇది చదివి ఏ కుర్రాడైనా చెయ్యి పెడితే బాధ్యత ఎవరిది? పగలు దీపాల వైపు వెళ్ళే తీగలో సరఫరా ఉండకపోవచ్చు, కానీ టైమ్ స్విచ్‌కి లోపలికి వచ్చే తీగలో ఇరవైనాలుగు గంటలూ 230 వోల్టులు ఉంటాయి. రెండు కొసలూ అదే పెట్టెలో బెత్తెడు దూరంలో ఉంటాయి. చూస్తే ఏది ఏదో తెలియదు. ఎవరైనా పెళ్ళి పందిరికి జనరేటర్ పెట్టి దొంగచాటుగా దీపాల తీగకి తగిలించి ఉంటే, చచ్చిందనుకున్న తీగలోకి కూడా వెనక నుంచి కరెంటు వస్తుంది. లైన్‌మన్ అంతటివాడే సరఫరా ఆపించుకుని, టెస్టర్ పెట్టి చూసి, చేతికి గ్లవ్స్ వేసుకుని ముట్టుకుంటాడు.

చెయ్యి పెట్టినవాడు బతికి బయటపడినా ప్రమాదం అక్కడితో పోదు. సరైన ఫ్యూజు తీగ ఇంట్లో ఎవరి దగ్గరా ఉండదు, వైరు ఒలిచి నాలుగు రాగి పోగులు మెలేసి కట్టేస్తారు. ఆ రోజు లైట్లు వెలుగుతాయి, వీధిలో అందరూ మెచ్చుకుంటారు. వానాకాలంలో ఎక్కడో ఇన్సులేషన్ చెడి తీగ ఇనప స్తంభానికి తగిలినప్పుడు తెగాల్సిన ఫ్యూజు తెగదు, ఎర్త్ కూడా సరిగ్గా లేకపోతే స్తంభం మొత్తానికి కరెంటు పాకుతుంది. అప్పుడు దాన్ని ముట్టుకునేది ఆవో, బడి నుంచి వచ్చే పిల్లో. పైగా ఒక్క లైటే ఆరితే ఈ పెట్టెతో పనే లేదు, ఎక్కువగా పిడుగులకో, వోల్టేజీ ఎగుడుదిగుళ్ళకో ఆ ఎల్‌ఈడీ లోపలి డ్రైవర్ (దీపానికి తగ్గట్టు కరెంటు ఇచ్చే భాగం) కాలిపోయి ఉంటుంది. దాన్ని పైకెక్కి మార్చాల్సిందే.

అయితే ఆ మెసేజ్‌లో ఒక మాట నిజం, ఒప్పుకుంటాను. లైటు బాగుచేయకుండానే ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని మూసేస్తున్నారు. నాకూ జరిగింది. పెట్టెలకి తలుపులు ఊడి పిల్లలకి అందే ఎత్తులో తీగలు వేలాడుతున్న చోట్లు కూడా ఉన్నాయి, అది క్షమించకూడని నిర్లక్ష్యం.

దానికి మందు ఆ మెసేజ్ చెప్పినట్టు ట్యాక్స్ ఎగ్గొట్టడం కాదు. ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా స్తంభం నంబరు, ఫొటో, తేదీతో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ పేర కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి, కాపీ కౌన్సిలర్‌కి ఇవ్వండి. తీగ తెగి వేలాడుతుంటే మాత్రం ఆగకుండా 1912కి ఫోన్ చేయండి, ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి. కాగితానికీ కదలకపోతే సమాచార హక్కు కింద మెయింటెనెన్స్ కాంట్రాక్టు కాపీ అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. చెడిపోయిన లైటు ఎన్ని గంటల్లో మార్చాలి, మార్చకపోతే కాంట్రాక్టరు బిల్లులో ఎంత కోత అన్న షరతులు ఉంటే అందులోనే ఉంటాయి. ఆ కాపీ దొరికినవాళ్ళు గ్రూపుల్లో పెట్టండి, అది ఎంతమందికి ఫార్వర్డ్ చేసినా నాకు అభ్యంతరం లేదు.