ఇంత బిల్డప్ ఇచ్చి ఇంతేనా, అట!

పొద్దున లేచి ఫోన్ చూస్తే మా కుటుంబం గ్రూపులో హైదరాబాద్ అన్నయ్య పెట్టిన జోకు. పైన తుఫాను తుఫాను అని గొంతు చించుకుంటున్న యాంకరమ్మ బొమ్మ, కింద ఎండలో తీగ మీద ఆరేసిన లుంగీ బొమ్మ. "ఇంత బిల్డప్ ఇచ్చి ఇంతేనా?" అని రాశాడు. దాని కింద పదకొండు నవ్వులు. నవ్వినవాళ్లలో ఇద్దరు, రెండు రాత్రుల క్రితం మా ఊరి తుఫాను షెల్టరులో నా పక్కనే కటిక నేల మీద పడుకున్నవాళ్లు!

గ్రూపులో టైపు చేశాను, చెరిపేశాను. పెద్దవాడు కదా, మళ్లీ పండక్కి మొహం మొహం చూసుకోవాలి. అందుకే ఇక్కడ రాస్తున్నా. అన్నయ్యా, ఇక్కడ కూడా నువ్వు చదువుతావని నాకు తెలుసు. చదువు. ఎంతమంది పోతే బిల్డప్‌కి న్యాయం జరిగినట్టో ఒక అంకె చెప్పు. రాసుకుంటాం.

టీవీవాళ్లని నేను వెనకేసుకు రావట్లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వినపడితే చాలు, వాళ్లకి అది సూపర్ సైక్లోన్ అయిపోతుంది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం దాటి, గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుఫాను అంటారు. సూపర్ అనాలంటే 222 దాటాలి. విశాఖని కకావికలం చేసిన 2014 హుద్‌హుద్‌కే ఆ పేరు రాలేదు. వీళ్లేమో మోకాలి లోతు నీళ్లలో నిలబడి "దయచేసి ఎవరూ బీచ్‌కి రావద్దు" అని చెబుతారు. వెనకాల పది మంది రీల్స్ తీసుకుంటుంటారు. సరే, ఆ గోల వేరే.

అసలు విషయానికొస్తా. ఈసారి మాకేం కాలేదు. ఎందుకు కాలేదో తెలుసా? అది మాకు ఉత్తరాన తీరం దాటింది కాబట్టి. మన దగ్గర తుఫాను గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి ఒడ్డు దాటేటప్పుడు, దాని కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్లకి గాలి సముద్రం మీద నుంచి వీస్తుంది, నీళ్లని తోసుకుంటూ వస్తుంది. దక్షిణాన ఉన్నవాళ్లకి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. ఈసారి మేం ఆ పక్కన పడ్డాం. అంతే. మా పుణ్యం కాదు, ప్రభుత్వం గొప్పా కాదు.

1977 నవంబరు 19న ఏ పక్కన ఉన్నాం? తుఫాను దాటింది చీరాల, నిజాంపట్నం వైపు. మా దివిసీమ దానికి ఉత్తరాన పడింది. "అది అటెక్కడో దాటుతుందంటలే" అన్నవాళ్లు అప్పుడు కూడా ఉన్నారు. సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. ప్రభుత్వ లెక్కే పది వేల ప్రాణాలు. ఆ లెక్కని మా ఊళ్లో ఎవరూ నమ్మరు. తీరం ఎక్కడ దాటుతుంది అన్న ఒక్క ముక్క విని, మ్యాపులో చుక్క చూసి, "మనకి కాదులే" అని దుప్పటి కప్పుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

మా మామ్మ ఆ రాత్రి తుమ్మచెట్టుకి చీరతో కట్టుకుని బతికింది. ముళ్లు గుచ్చుకున్న మచ్చలు ఇప్పటికీ మోచేతి మీద ఉన్నాయి. ఆవిడకి యాప్ అక్కర్లేదు. రేడియోలో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అనగానే లేస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, బీపీ మాత్రలు పాలిథిన్ కవర్లో చుట్టి కొంగున ముడేస్తుంది. అగ్గిపెట్టె స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంది. ఆ తర్వాత దొడ్లోకి వెళ్లి గేదెల పలుపులు విప్పేస్తుంది. "కట్టేసినవన్నీ కట్టేసినట్టే పోయాయిరా నాన్నా అప్పుడు" అంటుంది. ఇంకేం చెప్పదు.

మొన్న మధ్యాహ్నం ఆవిడని తీసుకుని షెల్టరుకి వెళితే ఏముంది, తాళం. సముద్రానికి ఇంత దగ్గరున్న ఊళ్లో, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఒకే ఒక్క గట్టి భవనం, దానికి ఇంత లావు తాళం! తాళంచెవి ఒకాయన దగ్గరుంటుందట. ఆయన పెళ్లికి వెళ్లాడట. ఫోన్ చేస్తే "సాయంత్రానికి వచ్చేస్తాగా" అన్నాడు. తుఫానుకి కూడా కబురు పెట్టాం, సాయంత్రం దాకా ఆగమని. చివరికి కుర్రాళ్లు రాయి పెట్టి కొట్టి పగలగొట్టారు. లోపల ఎరువుల బస్తాలు, చవితి పందిరి కర్రలు, పాత ఫ్లెక్సీలు. ఆ ఫ్లెక్సీలే పరుచుకుని పడుకున్నాం. మా మామ్మ వీపు కింద ఒక నాయకుడు రాత్రంతా నవ్వుతూనే ఉన్నాడు. పేరు చెప్పను, మళ్లీ అదో గొడవ.

వంద మందికి పైగా జనం. మరుగుదొడ్డి ఒకటి. తలుపుకి గడియ లేదు, ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. అర్ధరాత్రి ఆ గాలిలో మా పిన్ని తల మీద పట్టా కప్పుకుని బయటకి వెళ్లింది. బాబాయి టార్చి పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. వర్షం అడ్డంగా కొడుతోంది, ఎక్కడో రేకు లేచిపోయిన చప్పుడు, ఆవిడ ఇంకా రాలేదు. ఆ ఐదు నిమిషాలు మేమెవరం మాట్లాడలేదు. "ఆడవాళ్లు ఎంత చెప్పినా ఇల్లు వదిలి రారండీ, మొండితనం" అని మైకుల ముందు చెప్పే పెద్దలు ఒక్కసారి ఆ గడియ లేని తలుపు చూడాలి.

ఆ బాబాయే పొద్దున నవ్వు బొమ్మ పెట్టాడు, అన్నయ్య జోకు కింద! మర్చిపోయాడా, లేక అన్నయ్య హైదరాబాదులో మంచి ఉద్యోగం కాబట్టి నవ్వాలా? ఇది కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. సెలవులకి వచ్చినప్పుడు ఆయన ఏమన్నా నవ్వాలి. "మీ ఊళ్లో సముద్రం ఉప్పగా ఉంది" అన్నా నవ్వాలి. నాన్న పోయినప్పుడు కూడా రోడ్డు బాగాలేదని జోకేశాడు. ఇప్పుడు ఇదంతా ఎందుకంటారా, గుర్తొచ్చింది, రాశాను.

ఏమీ కాలేదంటే ఊరికే కాలేదనుకుంటున్నావా అన్నయ్యా? ఒడిశాలో 1999 తుఫానుకి దాదాపు పది వేల మంది పోయారు. 2013లో అదే ఒడ్డుకి ఫైలిన్ తుఫాను వచ్చింది. లక్షల మందిని ముందే కదిలించారు, పోయినవాళ్లు పదుల్లోనే. అప్పుడు కూడా ఎవడో ఒకడు "ఇంతేనా" అనే ఉంటాడు. మా పక్క పేట మత్స్యకారులు ఐదు రోజులు వల ముట్టలేదు. ఐదు రోజుల కూలి ఎవరిస్తారో అడుగు. 1996 నవంబరులో కోనసీమ తుఫానుకి వేటలో ఉన్న పడవలు ఎన్నో తిరిగి రాలేదు. ఆ ఇళ్లలో ఫొటోలకి ఇంకా దండలున్నాయి. అందుకే వీళ్లు జోకులెయ్యకుండా పడవలు ఒడ్డుకి లాగారు.

సముద్రానికి అడ్డం పడాల్సిన మడ చెట్లు కొట్టేసి చెరువులు తవ్విన సంగతి ఎత్తకూడదు. ఎత్తితే రొయ్యల చెరువులవాళ్లకి కోపం. మా చుట్టాల్లోనే నలుగురున్నారు.

ఇందాక బడ్డీకొట్టు దగ్గరకి వెళ్తూ చూశాను. షెల్టరుకి కొత్త తాళం వేసేశారు. పెళ్లి నుంచి వచ్చేశాడు మరి. చెవి ఒకటి పంచాయతీ దగ్గర, ఒకటి బడి దగ్గర పెట్టొచ్చు కదండీ అంటే, "తుఫాను వెళ్లిపోయిందిగా, ఇంకెందుకయ్యా కంగారు" అన్నాడు. పగలగొట్టిన పాత తాళానికి డబ్బులు కూడా అడిగాడు.

నవంబరు రాలేదు ఇంకా. మామ్మ కొంగు ముడి విప్పలేదు.