నేల విడిచి సాముకు ఏ ట్యూన్ మేలు?

గిటారు, బాంజో, ఫిడేలు వంటి తీగ వాయిద్యాలతో సాగే అమెరికా జానపద తరహా సంగీతం బ్లూగ్రాస్. ఆ పోటీకి పేరిచ్చినవాడి ప్రథమ కర్తవ్యం తనకు రాని ట్యూన్ వెతుక్కోవడం. వచ్చిందే వాయించేట్టయితే అంత దూరం పోవడమెందుకు, ఇంటి అరుగు మీదే కానిచ్చుకోవచ్చు కదా అన్నది ఈ రంగంలో వేళ్లూనుకున్న సిద్ధాంతం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, విన్‌ఫీల్డ్ అనే ఊళ్లో 1972 నుంచి ఏటా సెప్టెంబరులో వాల్‌నట్ వ్యాలీ ఉత్సవం జరుగుతుంది. ఈ సిద్ధాంతం కోసం ప్రాణాలొడ్డే వీరులకు అక్కడ ఎన్నడూ కరువు లేదు.

గిటారు వాళ్లనే తీసుకుందాం. ఫిడేలు ట్యూన్లను ఒక్క పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్ల) గిటారు మీద పరుగులెత్తించడాన్ని ఫ్లాట్‌పికింగ్ అంటారు. మొదటి రౌండులో రెండు ట్యూన్లు, నెగ్గిన ఐదుగురికి ఫైనల్లో ఇంకో రెండు. అంటే సంచిలో నాలుగుండాలి. దూరదృష్టి గలవాడు బ్రహ్మాస్త్రాలు రెండూ ఫైనల్‌కి దాచి, మొదటి రౌండు ఏదో అయిందనిపిస్తాడు. ఆ తర్వాత ఫైనల్‌ని ప్రేక్షకుల్లో కూర్చుని హాయిగా వింటాడు. అస్త్రాలు మాత్రం చెక్కుచెదరవు, వచ్చే ఏటికి పనికొస్తాయి. మొదటి రౌండులోనే బలమైన రెండూ ఖర్చుపెట్టేసేవాళ్లు దుబారా మనుషులు. పాపం, వాళ్లకి ఫైనల్లో కూడా వాయించక తప్పదు.

న్యాయనిర్ణేతల సంగతి మరీ దారుణం. వాళ్లు వేదిక కనపడని చోట కూర్చుని స్పీకర్లలో వింటారు. పోటీదారుడికి అక్కడ పేరుండదు, నంబరే. కొత్త టోపీ, అరమోడ్పు కళ్లు, పన్నెండో మెట్టు (ఫ్రెట్) పైన వేళ్ల విన్యాసం, ఇవేవీ స్పీకరులో దూరవు. దూరేవల్లా సరిగా నొక్కక జీరపోయిన తీగ, బిగుసుకున్న మణికట్టు, తాళం జారిన చోటు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

అందుకే చాలామంది బాగా నలిగిన ట్యూన్ ‘బ్లాక్‌బెర్రీ బ్లాసమ్’ ఎంచుకుంటారు. దాన్ని విని విని పండిపోయినవాళ్లు ఎక్కడ స్వరం తప్పినా ఇట్టే పట్టేస్తారు, శ్రమపడక్కర్లేదు. ఎవరికీ తెలియని ట్యూన్ తెచ్చేవాడిది ఇంకో దారి. అసలు రాగమేదో వినిపించకుండా మొదటి బార్ (ట్యూన్‌ని కొలిచే చిన్న గడి) నుంచే వేరియేషన్లు మొదలుపెడతాడు. ఏది కల్పనో ఏది పొరపాటో తేల్చే బాధ్యత వినేవాళ్లది. మొదటి ఆవర్తనం ఉన్నదున్నట్టు వాయించి, రెండోదాంట్లో కొంచెం మార్చి, మూడోదాంట్లో గిటారు మెడ మీద పై మెట్లెక్కేవాళ్లూ ఉన్నారు. సాహసం లేని మనుషులు, కప్పులు ఎత్తుకుపోతుంటారు.

వేగం లెక్క కూడా చెప్పుకోవాలి. ఒక ఆవర్తనమంటే ట్యూన్‌లోని ‘ఏ’ (A) భాగం రెండుసార్లు, ‘బీ’ (B) భాగం రెండుసార్లు, ఒక్కోసారికి 8 బార్లు. మొత్తం 32 బార్లు, బార్‌కి రెండు చొప్పున 64 దెబ్బలు. తాళం కొట్టే యంత్రం మెట్రోనోమ్ నిమిషానికి 120 దెబ్బల మీద ఉంటే ఒక ఆవర్తనానికి 32 సెకన్లు, మూడింటికి 96. అదే 140 అయితే 82 చిల్లర. అంటే చేతికి పట్టు లేని ఆ 20 దెబ్బల కోసం ఇల్లు గుల్ల చేసుకుంటే చేతికొచ్చే లాభం 14 సెకన్లు. పిసినారి రకం ఇంట్లో 120 దగ్గర తప్పు లేకుండా వాయించి, వేదిక మీద 110తో మొదలుపెడతాడు. గుండెదడే మిగతా పది కలుపుతుందని వాడికి తెలుసు. సిద్ధాంతవాది 120తోనే ఎత్తుకుంటాడు, దడ దాన్ని 130 చేస్తుంది. ముందు క్రాస్‌పికింగ్ (తీగ మార్చి తీగ మీటడం) చెదురుతుంది, తర్వాత పిక్‌ని పైకి లాగే దెబ్బలు పలచబడతాయి, రెండో బీ భాగానికి ముంజేయి కొయ్యవుతుంది.

రెండు ట్యూన్లూ ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో ఉండటం శ్రేయస్కరం, వినేవాళ్లకి ఒకటే అనిపించి ప్రాణం సుఖంగా ఉంటుంది. తేడా కావాలంటే మధ్యలో లావు తీగ శ్రుతిని ‘ఈ’ (E) స్వరం నుంచి ‘డీ’ (D)కి దింపండి. ట్యూన్ నడుస్తుండగా అది మెల్లగా పైకి పాకుతుంది. తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర నొక్కిపట్టే కాపో బిగిస్తే వాటి శ్రుతి కాస్త హెచ్చుతుంది, మళ్లీ సరిచూసుకోవాలి. బాంజో అయితే కాపో రెండో మెట్టున పెట్టి, కాపో అందని అయిదో తీగను ఏడో మెట్టు మేకుకి తగిలించడం మరిచిపోతే చాలు, ఇంక శత్రువులక్కర్లేదు. విన్‌ఫీల్డ్‌లో కరెంటు వాయిద్యాలకు ప్రవేశం లేదు కాబట్టి, మన పాలకొల్లు శ్రీనివాస్ గారి ఎలక్ట్రిక్ మాండొలిన్‌నైనా అక్కడ వేదిక ఎక్కనివ్వరు.

ఐడహోలోని వీజర్ ఫిడేలు పోటీలో ఇంకా కట్టడి. ఒక హోడౌన్ (చురుకైన నాట్యపు ట్యూన్), ఒక వాల్ట్జ్ (మూడు దెబ్బల తాళం), ఒకటి ఇష్టమైనది, మూడూ కలిపి 4 నిమిషాలు. గారడీ వాయింపు నిషేధం. కమానుతో రైలు కూతలు పెట్టే ‘ఆరెంజ్ బ్లాసమ్ స్పెషల్’ లాంటివి ఊరికి బయటే వదిలేసి రావాలి.

చివరికి మిగిలింది పక్కన తోడుగా కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) కొట్టేవాడు. వాడికి ట్యూన్ పేరు ముందురోజు రాత్రి చెబితే చాలు, అంతకుముందే చెబితే సాధన చేసే ప్రమాదం ఉంది. ‘బ్లాక్‌బెర్రీ బ్లాసమ్’ మొదటి (ఏ) భాగంలో దెబ్బకో కార్డు మారుతుంది, అంటే 120 వేగంలో అర సెకనుకొకటి. బీ భాగంలో ‘ఈ మైనర్’ (E minor) కార్డు మీదికెళ్లి తీరిగ్గా కూర్చుంటుంది. ముగింపు ఎన్నో ఆవర్తనం తర్వాతో మాత్రం ఛస్తే చెప్పకూడదు. మూడోది కాగానే మీరు దిగ్విజయంగా ఆపేస్తారు, ఆయన నాలుగోదానికి జీ కార్డు కొట్టి మీ మొహం వంక చూస్తాడు.