కడప చరిత్ర తిరిగి ఊరు చేరాలి

కడప జిల్లా చరిత్రలో చాలా భాగం ఇప్పుడు కడప జిల్లాలో లేదు. జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. ఇసుక మేటల కింద పూడిపోయిన అక్కడి జైన ఆలయాన్ని 20వ శతాబ్దం తొలినాళ్లలో తవ్వి వెలికితీశారు. జైన తీర్థంకరుడు శాంతినాథుడి అభిషేకానికి రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు చేయించిన స్నానపీఠం బయటపడింది ఆ ఊళ్లోనే. అక్కడి ముఖ్యమైన శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. కైఫీయతులనే ఊరి చరిత్రలదీ అదే దారి. 1800లో సీమ జిల్లాలను నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాక, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులు ఊరూరా తిరిగారు. కరణాల కవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు చూసి, పెద్దలు చెప్పింది విని రాసుకున్నవవి. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరికిచ్చారు, ఊరి పొలిమేరలేవి అన్నీ వాటిలో ఉన్నాయి. అవీ మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉండిపోయాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పూనుకుని అచ్చు వేయించబట్టి ఈ జిల్లా కైఫీయతులు మళ్లీ మన చేతికి వచ్చాయి.

తరలించడమే నేరమని నేననను. తరలిపోయినందువల్లే కొన్ని బతికాయి. నా బాధల్లా ఆ ఊళ్లకు తమ దగ్గరనుంచి వెళ్లినదేమిటో కూడా తెలియకపోవడం గురించే. దానవులపాడు బడిలో చదివే పిల్లకు తన ఊరి శిల్పం బొమ్మ చూపించేవారేరీ? డిజిటల్ సాధనాలు ముందుగా తీర్చవలసిన లోటు ఇదని నా అభిప్రాయం. రాయిని వెనక్కి తేలేకపోవచ్చు. దాని త్రీడీ నమూనాను, శాసన పాఠాన్ని, తెలుగులో నాలుగు మాటల వివరణను ఆ ఊరి బడికి, పంచాయతీకి చేర్చడానికి అడ్డమేముంది?

ప్రస్తుతం డబ్బు, దృష్టి ఎక్కువగా పోతున్నది పేరున్న చోట్లకే. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషమే. పెమ్మసాని నాయకులు ఏలిన ఆ కోటకు, మాధవరాయ ఆలయానికి, జామా మసీదుకు, ధాన్యాగారానికి ఆ మన్నన దక్కవలసిందే. డ్రోన్లతో తీసిన పెన్న లోయ దృశ్యాలు ఎన్ని చూసినా తనివి తీరదు. అయితే గండికోటను మరిచిపోయే ప్రమాదం లేదు. పొలం గట్టున ఒరిగిన వీరగల్లుకు (పోరులో పడిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయికి), గుడి మెట్టుగా మారిన శాసనం బండకు, పూడిన దిగుడుబావికి ఆ భరోసా లేదు. డిజిటల్ నమోదు అక్కడినుంచి మొదలుకావాలి.

కలమళ్ల సంగతి చూడండి. ఎర్రగుంట్ల మండలంలోని ఆ ఊళ్లో దొరికిన రేనాటి చోళుడు ధనంజయుడి శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించారు. తెలుగులో వెలువడిన తొలి శాసనంగా దాన్ని మన్నిస్తున్నాం. తెలుగుకు ప్రాచీన హోదా కోరినప్పుడు గర్వంగా చూపిన ఆధారాల్లో అదొకటి. అంతటి రాయి మద్రాసులో ఉందా, గుడి ఆవరణలోనే ఉందా అని ఏళ్ల తరబడి వాదులాడుకున్నాం! శాసనపాఠం మనకు దక్కింది, వెనకటివాళ్లు తడి కాగితం పరిచి, కుంచెతో అద్ది, సిరా పూసి తీసుకున్న అచ్చువల్ల. అచ్చు నిలిచింది, రాయి జాడ దగ్గర చిక్కొచ్చింది. ఎక్కడ ఉండేది, ఎప్పుడు కదిలింది, ఇప్పుడు ఎక్కడ ఉంది అనే మూడు ముక్కలు లేని నమోదు, ఎంత అందమైన త్రీడీ నమూనా అయినా, సగం పనే.

పనికి ఖరీదైన పరికరాలే అక్కర్లేదు. రాయి చుట్టూ తిరుగుతూ ఒకదానిమీద ఒకటి కొంత కలిసేలా ఫోనుతో ఫోటోలు తీస్తే, వాటిని జోడించి నమూనా తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అరిగిన అక్షరాలకు ఏటవాలు వెలుతురు కావాలి. పొద్దున్నో సాయంత్రమో తీయాలి, లేదా పక్కనుంచి టార్చి పట్టాలి. కొలత కోసం ఒక స్కేలు ఆనించాలి. సున్నమో సుద్దో పూసి అక్షరాలు తేల్చే పాత అలవాటు మానాలి. డిగ్రీ కళాశాలల చరిత్ర విద్యార్థులు నేర్చుకోగల పని ఇది. లక్ష శాసనాల డిజిటలీకరణను కేంద్రం 2023 బడ్జెట్‌లో ప్రకటించింది. అది పాత అచ్చులను కంప్యూటర్లోకి ఎక్కించడంతో ఆగకుండా ఊళ్లలోని రాళ్లదాకా రావాలంటే ఇక్కడివాళ్లే నడుం కట్టాలి.

ఒక భయం మాత్రం కొట్టిపారేయదగింది కాదు. సీమలో గుప్తనిధుల వేటగాళ్లు నందుల్ని పగలగొట్టారు, గర్భగుడుల్ని తవ్విపోశారు. నిర్మానుష్యమైన గుట్టమీది గుడికి మ్యాపులో గుర్తు పెట్టి అందరికీ పంచితే వాళ్లకు దారి చూపినట్టే. ఊరి పేరు, చిత్రం, పాఠం అందరికీ అందుబాటులో ఉంచాలి. సర్వే నంబరు, కచ్చితమైన స్థానం పురావస్తు శాఖ వద్ద, పరిశోధకుల వద్ద ఉంటే చాలు. నమోదు చేసినదాన్ని ఒక్క సర్వర్‌నే నమ్మి వదిలేయడమూ తగదు. నడిపేవాళ్లు డబ్బు కట్టడం ఆపితే వెబ్‌సైటు మాయమవుతుంది. కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోట వెలసిన గ్రంథాలయం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. తలా ఒక ప్రతి దాచాలి, మూడోది ఊళ్లో ఉండాలి.

అన్నింటికంటే తొందరగా నమోదు జరగవలసింది పాత గుళ్ల జీర్ణోద్ధరణ దగ్గర. చందాలు పోగుచేసి భక్తితోనే పని మొదలుపెడతారు. నేలకు టైల్సు పరుస్తారు, స్తంభాలకు ఎనామిల్ రంగు వేస్తారు, పాత బండల్ని పెరట్లో పారేస్తారు. మసీదులూ దర్గాలూ ఇందుకు మినహాయింపు కాదు. పనికి అనుమతి ఇచ్చేముందు ఆ కట్టడంలోని ప్రతి గోడకూ, స్తంభానికీ, రాతకూ ఫోటోలు తీసి దాఖలు చేయాలని షరతు పెట్టాలి. కదిలించే ప్రతి రాయికీ నంబరు వేయించాలి. ఫోటోలకు పట్టేది ఒక రోజు, ఖర్చు మేస్త్రీ రోజుకూలికి మించదు. ఇందుకు జిల్లా కలెక్టరు ఇచ్చే ఒక ఉత్తర్వు చాలు.