టూల్ పచ్చగా చూపిస్తే డేటాబేస్ రెడీ అయిపోయినట్టేనా?

ఇందాకే కాల్ ముగిసింది. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నా. మా డేటాబేస్‌ను క్లౌడ్‌కు మార్చే ప్రాజెక్ట్ షీట్‌లో "డేటాబేస్ రెడీనెస్" అని ఒక వరుస ఉంటుంది కదా, నిన్నటిదాకా ఖాళీగా ఉన్నది ఇవాళ పచ్చరంగులోకి మారిపోయింది. మార్చింది మేనేజర్ గారు. అసెస్‌మెంట్ టూల్ నడిపితే ఎర్ర గుర్తులేవీ రాలేదట. డీబీఏలను, అంటే డేటాబేస్ చూసుకునే మమ్మల్ని, ఒక్క మాట అడగలేదు. ఇదేంటండీ అంటే, "టూల్ ఓకే అంది కదా, మళ్లీ మీకెందుకు టెన్షన్?" అన్నారు. కాల్‌లో ఉన్నవాళ్లంతా మ్యూట్. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఎందుకు టెన్షనో చెప్తా. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న డేటాబేస్‌ను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని అజ్యూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు పంపాలి. ఆ టూల్ చూసేది డేటాబేస్ లోపలున్న టేబుళ్లు, వ్యూలు, స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన చిన్న ప్రోగ్రాములు). వెళ్లబోయే చోట చెల్లనిది ఏదైనా వాటిలో కనిపిస్తే చెబుతుంది. మంచి పనే, నేనూ ముందు దాన్నే నడుపుతా. కానీ అప్లికేషన్ కోడ్‌లో అప్పటికప్పుడు ముక్కలు అతికించి పంపే క్వెరీలు (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలు) దానికి ఎలా కనిపిస్తాయి? పక్క డేటాబేస్‌లోని టేబుల్‌ను నేరుగా పేరు పెట్టి పిలిచే క్వెరీ ఇక్కడ హాయిగా నడుస్తుంది, అక్కడ నడవదు. అలాంటివి దొరకాలంటే ఎక్స్‌టెండెడ్ ఈవెంట్స్ అనే రికార్డింగ్ ఏర్పాటు పెట్టి, సర్వర్‌కు నిజంగా ఏం వస్తోందో పట్టుకోవాలి. అదీ నెలాఖరు క్లోజింగ్ కలిసొచ్చేలా. దానికి టైమ్ అడిగితే "అంత అవసరమా?" అంటారు.

జాబ్‌ల సంగతి, అంటే వేళకు వాటంతటవే నడిచే పనుల సంగతి, ఇంకా ఘోరం. రాత్రిపూట నడిచే జాబ్‌లన్నీ ఎంఎస్‌డీబీలో ఉంటాయి, లాగిన్లు మాస్టర్‌లో ఉంటాయి. ఆ రెండూ సర్వర్ సొంత డేటాబేస్‌లు, మన డేటాబేస్‌ను ఎత్తుకెళ్తే వాటిలో ఉన్నవి వెంట రావు. పైగా మనం వెళ్లే చోట జాబ్‌లను నడిపే ఏజెంటే లేదు. అజ్యూర్‌లోనే ఇంకో సర్వీస్ అయిన మేనేజ్డ్ ఇన్‌స్టాన్స్‌లో అయితే ఉంది, కానీ ఖర్చు ఎక్కువని దాన్ని మొదటి మీటింగ్‌లోనే కొట్టేశారు. సరే, మరి ఆ జాబ్‌లను ఎక్కడ నడపాలి? ఎవరు తిరగరాస్తారు? షీట్‌లో దానికి ఒక వరుస కూడా లేదు.

ఇక టైమ్. దీని గురించి చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అజ్యూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ గడియారం ఎప్పుడూ యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లోనే ఉంటుంది. మనకు కావలసిన టైమ్ జోన్ పెట్టుకునే వీలు లేదు. మేనేజ్డ్ ఇన్‌స్టాన్స్‌లో పెట్టుకోవచ్చు, అదీ దాన్ని సృష్టించేటప్పుడే, తర్వాత మార్చడానికి కుదరదు. మన టైమ్ యూటీసీకి అయిదున్నర గంటలు ముందు. ఇప్పుడు మన ప్రొసీజర్లలో ఎక్కడ చూసినా ఆ క్షణం తేదీ, టైమ్ ఇచ్చే గెట్‌డేట్ ఉంది. అది అక్కడా పనిచేస్తుంది, ఎర్రర్ ఇవ్వదు, టూల్ కూడా పచ్చగానే చూపిస్తుంది. కానీ రాత్రి 12 నుంచి తెల్లారి 5:30 దాకా పడే ప్రతి ఎంట్రీకి ముందు రోజు తేదీ పడుతుంది. నైట్ షిఫ్ట్ హాజరు తప్పుతుంది. వడ్డీ లెక్క ఒక రోజు తేడా వస్తుంది. ఒకటో తారీఖు తెల్లవారుజామున కట్టిన డబ్బు పోయిన నెల ఖాతాలో కూర్చుంటుంది. ఎక్కడా ఏదీ ఆగదు కాబట్టి ఎవరికీ అలర్ట్ రాదు. ఎప్పుడో ఆడిట్‌లో బయటపడితే అప్పుడు ఫోన్ ఎవరికి వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ గెట్‌డేట్‌లన్నీ వెతికి, ఒక్కోచోట టైమ్ జోన్ మార్చి రాసి, పరీక్షించాలి. ఇది రెడీనెస్ కాకపోతే మరేది రెడీనెస్?

అన్నిటికంటే నాకు మంట పుట్టించింది ఇంకోటి ఉంది. స్టోరేజ్ ఖర్చు తగ్గిద్దామని ఒక ఆర్కిటెక్ట్ గారు సలహా ఇచ్చారు: అక్షరాలు దాచే ఎన్‌వార్‌చార్ రకం కాలమ్‌లన్నీ వార్‌చార్ అనే ఇంకో రకం చేసి యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాలను బైట్లలో ఎలా రాయాలో చెప్పే సెట్టింగ్) పెడదాం, సగం చోటు మిగులుతుంది అని. మిగిలేది ఇంగ్లిష్‌కి సార్! తెలుగులో ఒక్కో గుర్తు యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఎన్‌వార్‌చార్‌లో 2 బైట్లు. "వెంకటేశ్వర్లు" అనే పేరులో అక్షరాలు, గుణింతాలు, వత్తులు, సున్నా అన్నీ కలిపి 13 గుర్తులు. ఇప్పుడు 26 బైట్లలో సరిపోతోంది, అప్పుడు 39 కావాలి. పైగా వార్‌చార్ 30 అంటే 30 బైట్లే, 30 అక్షరాలు కాదు. ఆ పేరు అందులో పట్టనే పట్టదు. కొలేషన్ మరిచిపోయి ఉత్త వార్‌చార్ మాత్రం చేశారా, పేరు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది, ఆ పేరు మళ్లీ తిరిగి రాదు. హైదరాబాద్‌లో కూర్చుని, తెలుగువాళ్ల డేటా పెట్టుకుని, తెలుగు పేరుతో ఒక్క టెస్ట్ కూడా చేయరు. టెస్ట్ డేటా నిండా జాన్, స్మిత్ లే. కాగితంలో ఒక అక్షరం తేడా ఉన్నందుకు పింఛను ఆగిపోయినవాళ్లు, పాస్‌బుక్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! వాళ్లను అడగండి, పేరు చెడితే ఏమవుతుందో చెబుతారు.

నెట్‌వర్క్ గురించి ఒక్క మాట. 2 టెరాబైట్ల డేటా, 100 ఎంబీపీఎస్ లైను. లైను మొత్తం మనకే ఇచ్చినా 44 గంటలు దాటుతుంది. కటోవర్‌కు, అంటే పాతది ఆపి కొత్తదానికి మారడానికి, ఇచ్చింది శనివారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా. ఈ లెక్క చేయడానికి టూల్ అక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. ముందుగా కాపీ మొదలుపెట్టి, తేడాలను వెంట వెంట పంపుకుందామంటే కొన్ని టేబుళ్లకు ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే ప్రైమరీ కీనే లేదు. ఆ సంగతీ పోయిన నెలే చెప్పా. "నోటెడ్" అన్నారు.

"ఏదో ఒకటి, డేటా అటు చేరితే చాలు" అనేవాళ్లు టీఎస్‌బీ కథ తెలుసుకోవాలి. బ్రిటన్ బ్యాంకు అది, 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతం చూసుకుని ఖాతాదారులందరినీ ఒకేసారి కొత్త వ్యవస్థకు మార్చింది. అది మనలా క్లౌడ్‌కు వెళ్లడం కాదు, అయినా జబ్బు ఇదే. డేటా సరిగ్గానే చేరిందని నియంత్రణ సంస్థలే చెప్పాయి. చేరిన తర్వాత వ్యవస్థ కుప్పకూలింది. 52 లక్షల ఖాతాదారుల్లో చాలామంది ఇబ్బంది పడ్డారు, మామూలు స్థితికి రావడానికి ఆ డిసెంబర్ దాకా పట్టింది. 2022లో బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా పడింది. ఆ మరుసటి ఏడాది అప్పటి సీఐఓకు (ఐటీ విభాగం పెద్ద) విడిగా 81,620 పౌండ్లు, ఆయన సొంతంగా కట్టాల్సిన జరిమానా. కొత్త వ్యవస్థను నడపాల్సిన సంస్థ నిజంగా రెడీగా ఉందో లేదో గట్టిగా తేల్చుకోలేదన్నది ఆయన మీద తప్పు. రెడీ అన్న మాటకు పేరు పెట్టి ఒక మనిషిని నిలదీశారు. మన దగ్గర రెడీ అన్నవాళ్లకు అవార్డు ఇస్తారు. అది రెడీ కాదని రాత్రంతా కూర్చుని సరిచేసినవాళ్ల పేరు థ్యాంక్యూ మెయిల్‌లో కూడా ఉండదు.

అసలు నా కోపం ఈ ఒక్క ప్రాజెక్ట్ మీద కాదు. ఎన్నేళ్లుగా చూస్తున్నా, డీబీఏను పిలిచేది అన్నీ నిర్ణయించాకే. ఏ సర్వీస్ కొనాలో సేల్స్ వాళ్లు చెబుతారు, ఎప్పుడు మారాలో ఫైనాన్స్ వాళ్లు చెబుతారు, ఎంత సైజు చాలో ఎవరో స్లైడ్ చేసినవాళ్లు చెబుతారు. ఆ సైజు లెక్క కూడా ఏ పనీ లేని వారంలో తీసిన సీపీయూ అంకెలు చూసి వేస్తారు. మమ్మల్ని పిలిచేది స్లో అయినప్పుడు. అప్పుడు "మీరు ముందే చెప్పాలి కదా" అంటారు. చెప్పిన మెయిళ్లన్నీ ఉన్నాయి, తేదీలతో సహా.

ఇంకో మాట కూడా అనేస్తా. కటోవర్ ఎప్పుడూ పండగకే ఎందుకు పడుతుంది? ఆఫీసులకు సెలవు, ట్రాఫిక్ తక్కువ, కాబట్టి సంక్రాంతికి పెట్టు, దసరాకు పెట్టు. ప్లాన్ వేసినవాళ్లు భోగి నాటికి ఊళ్లో ఉంటారు, గ్రూప్‌లో ముగ్గుల ఫొటోలు పెడతారు. మేము లాప్‌టాప్ ముందు. "ఈసారైనా వస్తున్నావా?" అని అమ్మ అడిగితే చెప్పలేక ఫోన్ పెట్టేసిన డీబీఏలు ఈ హైదరాబాద్‌లో ఎంతమంది ఉన్నారో, చదువుతున్న మీకే తెలుసు. మా పిల్లలకు గాలిపటం ఎగరేయడం పక్కింటాయన నేర్పాడు.

ఈసారి నేను సంతకం పెట్టనని మెయిల్ పంపేశా. జాబ్‌ల జాబితా, గెట్‌డేట్ జాబితా, తెలుగు పేర్లతో టెస్ట్, వెనక్కి రావాల్సి వస్తే ఎలా రావాలో ఒకసారి నిజంగా చేసి చూసుకున్న రిహార్సల్, ఇవన్నీ అయ్యాకే తేదీ మాట్లాడదామన్నా. కాదు, ఇప్పుడే వెళ్లాలంటారా, రెడీ అన్న మేనేజర్ గారు, సలహా ఇచ్చిన ఆర్కిటెక్ట్ గారు ఇద్దరూ కటోవర్ రాత్రి మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా మాతో లైన్లో ఉండాలని కూడా రాశా. పెద్దవాళ్లందరినీ సీసీలో పెట్టా.