ఇరిడియం ప్లగ్గు వేస్తే పాత కారు మైలేజీ పాతిక శాతం పెరగదు

విజయవాడ, గుంటూరుల్లో ఇంకా మారుతి 800లు, జెన్‌లు, ఎస్టీమ్‌లు నడుపుతున్న వాళ్ల ఫోన్లలో కొన్నాళ్లుగా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పాత పెట్రోలు కారుకి ఇరిడియం లోహపు మొన ఉన్న స్పార్కు ప్లగ్గులు వేయిస్తే మైలేజీ పాతిక శాతం పెరుగుతుంది, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్ల తగ్గిన మైలేజీ కూడా వెనక్కి వస్తుంది. ప్లగ్గులో స్పార్కు దూకే గ్యాప్ కాస్త ఎక్కువ పెడితే పికప్ అదిరిపోతుంది. ప్లగ్గులు ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడే తియ్యాలి, కొత్తవి కదలనంత గట్టిగా బిగించాలి. ఆ తర్వాత లక్ష కిలోమీటర్ల దాకా వాటి వైపు చూడనక్కర్లేదు. పాతవి పారెయ్యకుండా ఎమరీ పేపరుతో రుద్ది దాచుకోవాలి. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చాలి.

ఇందులో చివరి మాట ఒక్కటే నిజం. మిగతావాటిలో కొన్ని డబ్బు దండగ, రెండు మాత్రం ఇంజిన్‌కే చేటు. అందుకే ఒక్కొక్కటీ విడిగా చెప్పుకోవాలి.

ముందు మైలేజీ సంగతి. ప్లగ్గు శక్తిని పుట్టించదు. సిలిండర్లో నొక్కుకుపోయి ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని సమయానికి అంటించడం వరకే దాని పని. అది సరిగ్గా అంటుకుంటోందంటే, అంటించిన మొన నికెల్‌దా ఇరిడియందా అన్నదానితో వచ్చే శక్తి మారదు. అరిగిపోయిన ప్లగ్గుతో ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్లోంచి పోతుంది. కొత్త ప్లగ్గులు వేస్తే ఆ నష్టం ఆగుతుంది, మైలేజీ కూడా కొంత తిరిగొస్తుంది. ఇరిడియం వేశాక బండి బాగుందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు పోల్చుతున్నది చచ్చిపోయిన ప్లగ్గుతో. ఆ రోజు మామూలు నికెల్ ప్లగ్గు వేసినా అంత తేడా కనపడేది. ఒక ఇరిడియం ప్లగ్గు ధరకి మామూలువి మూడు నాలుగు వస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈ20 మాట ఇంకా దూరం పోయింది. ఇథనాల్‌లో లీటరుకి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. దాన్ని 20 శాతం కలిపితే ఆ మేరకు ట్యాంకులోకి వచ్చే శక్తే తగ్గుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, ఈ10కి సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. ట్యాంకులో లేని శక్తిని ఏ ప్లగ్గూ తేలేదు. పైగా కార్బురేటర్ బండిలో ఇంకో చిక్కుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం కాస్త పలచబడుతుంది. దానికి చూపించుకోవాల్సింది కార్బురేటర్‌ని.

ఇరిడియం గొప్పదే, కాదనను. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది, ఇరిడియం దాదాపు 2,446కి. అంత గట్టి లోహం కాబట్టే మధ్య మొనని అర మిల్లీమీటరు దరిదాపుల్లో సన్నగా చెయ్యగలుగుతున్నారు. మామూలు ప్లగ్గులో అది రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నటి మొన దగ్గర తక్కువ ఓల్టేజీకే స్పార్కు వస్తుంది, చాలాకాలం అరగదు. ప్లగ్గుకి హై ఓల్టేజీ ఇచ్చే కాయిల్ బలహీనంగా ఉన్న బండికి పొద్దున్నే స్టార్టింగ్‌లో కాస్త మేలు కనపడొచ్చు. కానీ ఆయిల్ తాగే ఇంజిన్లో ఇరిడియం మొన మీద కూడా మసి, ఆయిల్ పేరుకుంటాయి.

గ్యాప్ పెంచితే పికప్ పెరుగుతుందన్నది సగం తెలిసి చెప్పిన మాట. గ్యాప్ పెరిగితే స్పార్కు పొడుగవుతుంది, నిజమే. ఆ దూరం దూకడానికి కావలసిన ఓల్టేజీ కూడా పెరుగుతుంది. పాయింట్లు, డిస్ట్రిబ్యూటర్ ఉన్న కాలపు కార్బురేటర్ మారుతి 800కి గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్లలో చాలావాటికి 1 మిల్లీమీటరు పైన పెడతారు. అది చూసి పాత బండికి 1.1 పెడితే, ఖాళీ రోడ్డు మీద బాగానే ఉంటుంది. నలుగురిని ఎక్కించుకుని ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, స్పార్కుకి ఇంకా ఎక్కువ ఓల్టేజీ కావాలి, సరిగ్గా అక్కడే జర్కులు మొదలవుతాయి. గ్యాప్‌లో దూకలేని కరెంటు తేలిక దారి వెతుక్కుంటుంది. చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్ చేసి, చెయ్యి పెట్టకుండా చూడండి. బీటలు వారిన ప్లగ్ వైర్ల మీద నీలం రంగు మెరుపులు కనపడతాయి. వానాకాలంలో మరీ ఎక్కువ. అలా ఉంటే మార్చాల్సింది వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు. గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో చూసి, బయటి కొక్కేన్ని మాత్రమే వంచాలి. ఇరిడియం ప్లగ్గుల్లో అసలు కెలకొద్దు, ఆ సన్నటి మొన పుటుక్కున విరుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం: వేడి మీద తియ్యడం, బలంకొద్దీ బిగించడం. మారుతి 800లో ప్లగ్గులు బిగించే హెడ్డు (సిలిండర్ల పైమూత) అల్యూమినియంది, ప్లగ్గు ఒళ్లు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే వేడి మీద ప్లగ్గు సులువుగా వస్తున్నట్టు అనిపిస్తుంది. మెసేజ్ రాసినవాళ్లు చూసింది అంతవరకే. వేడెక్కిన అల్యూమినియం మెత్తబడి ఉంటుంది, మరల్లో గట్టిపడిన కార్బన్ ప్లగ్గుతోపాటు తిరుగుతూ ఆ మరల్ని గీరేస్తుంది. పోనీ ఊడి వచ్చిందనుకోండి. అదే వేడి హెడ్డులో చల్లటి కొత్త ప్లగ్గుని గట్టిగా బిగిస్తే, హెడ్డు చల్లారి ముడుచుకున్నాక ప్లగ్గు ఇంకా బిగుసుకుపోతుంది. రెండేళ్ల తర్వాత తియ్యబోయేవాడికి మరలు ప్లగ్గుతో సహా ఊడొస్తాయి.

పటమటలో మాకు తెలిసిన ఒక పెద్దాయన బండికి ఇదే జరిగింది. ఎవరో పొడుగు హ్యాండిల్ తగిలించి బిగించిన ప్లగ్గుని తీస్తే, దాని మరల మధ్య తెల్లటి అల్యూమినియం తీగలా చుట్టుకుని వచ్చింది. ఆటోనగర్‌లో చూసిన మెకానిక్ దాన్ని చేతిలో తిప్పి చూసి, “బాబాయ్‌గారూ, ఇక ప్లగ్గు మార్చడం కాదండి, త్రెడ్డు పోయింది. హెడ్డు దింపి బుష్ వెయ్యాలి” అన్నాడు. అంత చిన్న సామానుకి హెడ్డు దించాల్సి రావడం ఆ పెద్దాయనకి ఎంత బాధో అక్కడ నిలబడి చూశాను. ఈ మెసేజ్ మీద నాకు కోపం అందుకే.

సరైన పద్ధతి కష్టమేం కాదు. మన ఎండల్లో ఇంజిన్ చల్లారడానికి గంటలు పడుతుంది కాబట్టి, పొద్దున్నే స్టార్ట్ చెయ్యకముందే పని పెట్టుకోండి. ముందు ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము సైకిల్ పంపుతో ఊదెయ్యండి, లేకపోతే ప్లగ్గు తీయగానే అది సిలిండర్లో పడుతుంది. బిగుసుకుపోయిన ప్లగ్గుకి తుప్పు వదిలే ఆయిల్ వేసి కాసేపు ఆగి, పావు చుట్టు వదులు చేసి మళ్లీ కాస్త బిగించి, అలా ముందుకీ వెనక్కీ తిప్పుతూ తియ్యాలి. కొత్తది ఎక్కించేటప్పుడు స్పానర్‌తో మొదలుపెట్టొద్దు. జానెడు పెట్రోలు పైపు ముక్కని ప్లగ్గు తలకి తొడిగి వేళ్లతో తిప్పండి. మర వంకరగా పడితే పైపు జారిపోతుంది, హెడ్డుకి ఏమీ కాదు. వాషర్ ఆనేదాకా చేత్తోనే వెళ్లాలి. ఆ తర్వాత స్పానర్‌తో కొత్త ప్లగ్గుకి అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, అంతే. వాషర్ అప్పటికే నలిగిన పాత ప్లగ్గయితే చుట్టులో పన్నెండో వంతు చాలు. బిగువు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే, 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకి అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరలకి గ్రీజు పూస్తే ఇదే లెక్క అతి బిగువు అవుతుంది, కాబట్టి పూయొద్దు. మరీ వదులుగా వదిలినా తప్పే. ప్లగ్గు వేడి ఎక్కువ భాగం మరల ద్వారా, వాషర్ ఆనే చోటు ద్వారా హెడ్డులోకి పోవాలి. అది పోకపోతే ప్లగ్గు మొన కాలిపోతుంది.

లక్ష కిలోమీటర్ల దాకా చూడొద్దట! మామూలు నికెల్ ప్లగ్గుల ఆయుష్షు 20 నుంచి 30 వేల కిలోమీటర్లు. మంచి ఇరిడియం లక్ష దాకా రావొచ్చు, అదీ ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్లో. పాతికేళ్ల బండిలో ప్లగ్గు తీసి చూడడం మార్చడం కోసం మాత్రమే కాదు. సిలిండర్ లోపల ఏం జరుగుతోందో ఖర్చు లేకుండా చెప్పేది అదొక్కటే. మొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ వస్తోంది. చోక్ ఇరుక్కుందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. గవర్నర్‌పేట నుంచి సత్యనారాయణపురం దాకా, అంటే దగ్గర దూరాలకి తప్ప బండి ఎటూ వెళ్లకపోయినా మసి పడుతుంది. మొన సుమారు 450, 500 డిగ్రీలకి చేరితేగానీ తన మీది మసిని తాను కాల్చుకోలేదు. తడిగా, నల్లగా, ఆయిల్ కారుతుంటే వాల్వ్ సీళ్లో రింగులో అరిగాయి. తెల్లగా పాలిపోయి, బొబ్బలెక్కినట్టుంటే మిశ్రమం పలచనైంది, లేదా స్పార్కు వచ్చే టైమింగ్ తప్పింది, లేదా ఆ ఇంజిన్‌ది కాని ప్లగ్గు పడింది.

ఈ చివరిది ఆటోనగర్‌లో తరచూ జరిగేదే. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు నంబర్లో అంకె పెరిగితే వేడిని త్వరగా వదిలే చల్లని ప్లగ్గు. బాష్‌లో తలకిందులు, అంకె పెరిగితే వేడి ప్లగ్గు. ఇక్కడ మైకోగా ఉన్న ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మనవాళ్లు ఇప్పటికీ మైకో ప్లగ్గనే అడుగుతారు. అంకె దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఇంకోటి తీసుకోకండి, మాన్యువల్లో ఉన్న నంబరుకి సరిపోయేదే అడగండి. ఇంకో మాట. తెల్లటి పింగాణీ మీద, ఇనుప భాగానికి కాస్త పైన గోధుమ రంగు వలయం కనపడితే గ్యాస్ లీకని కంగారు పడక్కర్లేదు. గాలిలోని నూనె తుంపర్లు హై ఓల్టేజీకి అంటుకున్న మరక అది.

ఎమరీ పేపరు వద్దు. రుద్దినప్పుడు రాలే లోహపు పొడి పింగాణీకి అంటి కరెంటుకి అడ్డదారి ఇస్తుంది, ఇసుక రేణువులు సిలిండర్లో పడతాయి.

అన్నీ ఒకేసారి మార్చాలన్నది మాత్రం సరైన సలహా. అయితే వైర్లన్నీ ఒక్కసారే పీకొద్దు. ఒక వైరు తీసి, ఆ ప్లగ్గు మార్చి, వైరు మళ్లీ పెట్టాకే రెండోదాని దగ్గరికి వెళ్లండి. మారుతి 800లో ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్కు వచ్చే వరస, 1-3-2. వైర్లు కలిసిపోతే బండి స్టార్ట్ కాదు, లేదా కార్బురేటర్లోంచి టపటపమని ఎదురు కొడుతుంది. తీసిన పాత ప్లగ్గుల్ని కూడా అదే వరసలో పెట్టి, ఏది ఏ సిలిండర్‌దో మెకానిక్‌కి చూపించండి. మూడింటిలో ఒక్కటే ఆయిల్‌తో తడిసి ఉంటే, ముందు ఆ సిలిండర్‌కి కంప్రెషన్ టెస్ట్ (లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయమని అడగండి.