అరవై దాటితే కండ పట్టదా?

"60 దాటాక కండ కరగడమే తప్ప పెరగదు. పెద్దవాళ్ళు పప్పు, గుడ్డు తగ్గించి విశ్రాంతి తీసుకోవాలి. లేదంటే కిడ్నీలు పోతాయి." ఈ మెసేజ్ మా గ్రూపులన్నింట్లో తిరుగుతోంది. పైన స్టెతస్కోపు వేసుకున్న ఎవరిదో ఫొటో, కింద ఆరు పాయింట్లు. రోజూ జిమ్‌కి వెళ్ళేవాళ్ళు కూడా దీన్నే పంపుతున్నారు, అదీ విచిత్రం.

వ్యాయామం అయ్యాక 30 నిమిషాల్లో తినకపోతే కండ కరిగిపోతుందట. బరువులు ఎత్తాక కండలో ప్రోటీన్ తయారీ 24 గంటలు, ఒక్కోసారి 48 గంటల దాకా జోరుగానే ఉంటుంది. తినడం మానకండి, అంతే. స్నానం చేసి తీరిగ్గా తినొచ్చు.

పూటకు 30 గ్రాముల ప్రోటీన్ మించితే ఒంటికి పట్టదట. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో వ్యాయామం చేసిన కుర్రాళ్ళకు ఒకేసారి 100 గ్రాముల పాల ప్రోటీన్ ఇచ్చారు. 25 గ్రాములు తీసుకున్నవాళ్ళ కంటే వీళ్ళ కండలోకే ఎక్కువ చేరింది, అదీ 12 గంటలు దాటినా చేరుతూనే ఉంది.

జిమ్ మానేస్తే కండ కొవ్వుగా మారుతుందట. మారదు. తర్వాతది చూద్దాం.

"కండ కరగడం జబ్బు లక్షణం." ఆరోగ్యంగా ఉన్న కండలో కూడా రోజుకు ఒక శాతం, ఒకటిన్నర శాతం ప్రోటీన్ కరిగి మళ్ళీ తయారవుతుంది. పూరింటి కప్పులో పాడైన తాటాకు తీసి కొత్తది కప్పినట్టు. పనికిరాని ప్రోటీన్లకు కణం ఎలా గుర్తు వేసి ముక్కలు చేస్తుందో కనిపెట్టినందుకే 2004లో సీహనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు నోబెల్ ఇచ్చారు. ఒళ్ళంతా కలిపి రోజుకు 250, 300 గ్రాముల ప్రోటీన్ తయారవుతుంది. మనం తినేది అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. మిగతాదంతా పాతది కరిగితే వచ్చిన సరుకే. కరిగినంత తిరిగి తయారు కానప్పుడే చిక్కు.

ఇక అసలు పాయింట్, పెద్దవాళ్ళని పడుకోబెట్టమన్నది. ఇది రాసిన మహానుభావుడికి దండం పెట్టాలి. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదే ఉంచారు. తిండిలో లోటు చేయలేదు, రోజుకు సరిపడా ప్రోటీన్ పెట్టారు. అయినా కండలో ప్రోటీన్ తయారీ 30 శాతం పడిపోయింది, కాళ్ళలో దాదాపు కిలో కండ పోయింది. విశ్రాంతి ఫలం అది!

పెరగదన్న మాటకొస్తే, 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉంటున్న 90 ఏళ్ళవాళ్ళ చేత 8 వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. బలం సగటున 174 శాతం, తొడ కండ 9 శాతం పెరిగాయి. మన ఫార్వర్డ్ వాళ్ళకి చేరలేదు కాబోలు.

వయసుతో వచ్చే ఇబ్బంది వేరు. కుర్రాడి కండ తక్కువ ప్రోటీన్‌కే స్పందిస్తుంది, ముసలి కండకి ఇంకాస్త ఎక్కువ కావాలి. అందుకే 65 దాటినవాళ్ళు కిలో బరువుకి రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ తినాలని నిపుణులు అంటున్నారు. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. మనిళ్ళలో పెద్దవాళ్ళ రాత్రి భోజనం చూడండి: "నాకు రెండు ఇడ్లీలు చాలమ్మా." ఆ రెండు ఇడ్లీలూ, కాస్త చట్నీలో ఐదారు గ్రాములుంటే గొప్ప. అదీ తగ్గించమంటారా?

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే తినాలి, అందులో రెండో మాట లేదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకైతే డాక్టర్లే ప్రోటీన్ పెంచమంటారు. కిడ్నీలు బాగున్నవాళ్ళని పప్పు పేరు చెప్పి భయపెట్టడం ఎందుకు?

ఆఖరి పాయింటు, పడుకునే ముందు పాలు తాగమన్నది. కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను గానీ, ఇందులో విషయం ఉంది. పెద్దవయసు మగవాళ్ళకి పడుకునే ముందు 40 గ్రాముల పాల ప్రోటీన్ ఇస్తే నిద్రలో కండ తయారీ పెరిగింది. కాకపోతే గ్లాసు పాలలో ఉండేది ఆరేడు గ్రాములే. తాగండి, పక్కన గుప్పెడు పుట్నాలు పెట్టుకుని.