ముందు టైరు లోపలి అంచు గారికి బహిరంగ లేఖ

లోపలి అంచు గారూ, నమస్కారం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ కారును జాకీ మీద లేపినప్పుడు మీ కుశలం ఏపాటిదో కళ్లారా చూశాక ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. బయటి అంచేమో నిన్నగాక మొన్న కొన్నట్టు గాడులతో నిగనిగలాడుతోంది, మీ దగ్గరికొచ్చేసరికి రబ్బరంతా నున్నగా అరిగిపోయి తీగలు బయటికి తొంగి చూస్తున్నాయి. పైన పటారం లోన లొటారం అన్నమాట పుట్టేనాటికి రేడియల్ టైర్లు ఉండి ఉంటే అది మిమ్మల్ని చూసే పుట్టిందనుకునేవాళ్లం.

మీరు దాక్కున్న చోటు మాత్రం అమోఘం. కారు ఓనరు టైర్లు ఎలా ఉన్నాయో ఎలా చూస్తాడు? చుట్టూ ఒక రౌండు తిరుగుతాడు, కాలితో ఒక తన్ను తంతాడు, "బానే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తాడు. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, వంగి, ఫోన్ టార్చ్ వేసి మీ మొహం చూసేవాళ్లు ఎందరు? పోనీ అరుగుదల గుర్తులైనా చెప్తాయా అంటే, 1.6 మిల్లీమీటర్ల ఎత్తుండే ఆ చిన్న దిమ్మలు పెద్ద గాడుల్లో కూర్చుని ఉంటాయి. మధ్యలో ఇంకా 4 మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే మీరు అంచున గుండు కొట్టించుకుంటే వాటికి కబురే అందదు.

సరే, నేరం మీ ఒక్కరిదే అనను. మీ వెనక టో అనే పెద్దమనిషి ఉన్నాడు, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ దాదాపు సమాంతరంగా ఉండాలి. వాటి ముందు కొసలు బయటికి విచ్చుకున్నాయంటే, కారు నేరుగా పోతున్నా ఒక్కో చక్రం తన దారి తనది అని పక్కకు పోబోతుంది, పోలేక రోడ్డుకు రాసుకుంటుంది, ఆ రాపిడి ఎక్కువగా పడేది మీ మీదే. చక్రం సగం డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకోండి, కిలోమీటరు వెళ్లేసరికి టైరును దాదాపు 9 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు లెక్క. ట్రెడ్ మీద, అంటే రోడ్డుకు తగిలే గాడుల రబ్బరు మీద, అరచెయ్యి పెట్టి అడ్డంగా అటూ ఇటూ నిమిరితే తెలిసిపోతుంది, ఒకవైపు మెత్తగా జారుతుంది, ఇంకోవైపు రంపం పళ్లలా గీరుకుంటుంది. (నిమిరే ముందు తీగలు బయటపడ్డాయేమో చూసుకోవాలి, అవి నిజంగానే కోస్తాయి.)

అసలు చిత్రం ఏమిటంటే, రెండు చక్రాలూ సమానంగా విచ్చుకుంటే కారు ఏ పక్కకీ లాగదు, స్టీరింగ్ కూడా బుద్ధిగా నిటారుగా ఉంటుంది. "మా బండి చేతులు వదిలేసినా గీత గీసినట్టు పోతుంది" అని గొప్పలు చెప్పుకునేవాళ్ల కార్ల కింద కూడా మీరు నిక్షేపంగా కరిగిపోతూ ఉంటారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే. చివరికి బయటపడ్డ రోజున అందరూ తిట్టేది టైరు కంపెనీని. నాసిరకం రబ్బరట! అత్త మీద కోపం దుత్త మీద చూపించి కొత్త టైర్లు వేయిస్తారు, కోణం మాత్రం అలాగే ఉంచుతారు. 8 మిల్లీమీటర్ల ట్రెడ్‌తో వచ్చిన కొత్తవాళ్లకూ మీ గతే.

ఇక చక్రాల కోణాలు కొలిచి సరిచేయించే ఆ అలైన్‌మెంట్ మెషిన్ దర్శనం. నాలుగు చక్రాలకూ పళ్లేలు తగిలిస్తారు, తెర మీద ఎరుపు అంకెలు పచ్చగా మారతాయి, ప్రింటు చేతిలో పెడతారు, ఓనరు పాసైన పిల్లాడి మార్కుల కార్డులా దాన్ని డాష్‌బోర్డులో దాచుకుంటాడు. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కీలులోని రబ్బరు బుష్ చిరిగిందా, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ లూజుగా ఉందా అని ముందు కింద దూరి చక్రాన్ని ఊపి చూసినవాడు లేడు. నిలబడ్డ కారుకు వచ్చిన పచ్చ అంకెలు అవి, మొదటి బ్రేకు కొట్టగానే చిరిగిన బుష్ చక్రాన్ని మళ్లీ తనకు నచ్చిన వైపు తిప్పేస్తుంది. కీళ్లు సరిచేయకుండా అలైన్‌మెంట్ చేయడం, నా దృష్టిలో, డబ్బిచ్చి కాగితం కొనుక్కోవడమే. అదే కాగితంలో కింద వెనక చక్రాల గడులు ఎర్రగానే ఉంటాయి, అడిగితే "అవి సెట్ చేయడానికి వీల్లేదు సార్" అంటారు. చాలా ఫ్యామిలీ కార్లలో వెనక ఇరుసు ఒకే ముక్క కాబట్టి ఆ మాట నిజమే, కానీ సెట్ చేయలేని చక్రం ఎరుపులో ఉందంటే ఏదో వంగిందేమో చూడొద్దా?

పైగా బ్యాలెన్సింగ్ చేయించాంగా అంటారు. అది రిమ్ముకు బరువులు తగిలించి స్పీడులో వణుకు తగ్గించే పని, మీకూ దానికీ చుట్టరికం లేదు. గాలి తగ్గితే అంచులు రెండూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్యభాగం అరుగుతుంది, కాబట్టి మీరొక్కరే కరిగిపోతుంటే గాలి మీద నింద వేయడమూ కుదరదు.

టైర్లు మార్చి వేయించడం ఇంకో తమాషా. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి, కుడివి ఎడమకి. ఎక్కడికి మార్చినా మీరు లోపలే! రిమ్ము నుంచి టైరు ఊడదీసి తిరగేస్తే తప్ప మీకు బయటి గాలి తగలదు, అదీ లోపలి వైపు, బయటి వైపు అని పక్కలు రాసిన టైరైతే ఆ భాగ్యమూ లేదు. మీరు గుయ్‌మని రొద పెట్టి మొత్తుకుంటే బేరింగ్ పోయిందేమో అని టెన్షన్ పడేవాళ్లు కొందరు, పాటల సౌండు పెంచేవాళ్లు ఎక్కువమంది.

ప్రస్తుతానికి మిమ్మల్ని రిటైర్ చేస్తున్నాం. మీ స్థానంలో వచ్చేవారికి ముందు బుష్‌లు, తర్వాత గాలి, ఆ తర్వాతే మెషిన్.

ఇట్లు,
స్టీరింగ్ వెనక కూర్చునే మనిషి

తా.క. అవతలి చక్రం మీద ఉన్న మీ కవలల సంగతి కాస్త కనుక్కుని చెప్పండి. వారూ మీలాగే అరిగి ఉంటే టో మీద పడతాం. మీరొక్కరే ఇలా అయితే మాత్రం ఏ గోతిలోనో దబ్బున దిగినప్పుడు మీ వైపు ఏదో వంగి ఉంటుంది, అప్పుడు మెషిన్ కంటే ముందు కొత్త పార్టు కొనాలి.